మొదటి సీఐ/సీడీ పైప్‌లైన్: నలుగురం, ఒకే సర్వర్. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త_కమిట్

అందరికీ నమస్తే. విజయవాడలో నలుగురం కలిసి మందుల షాపుల కోసం బిల్లింగ్, స్టాక్ అప్లికేషన్ నడుపుతున్నాం. కోడ్ నోడ్‌లో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, ముంబై రీజియన్‌లో ఒక ఉబుంటు సర్వర్. కోడ్ గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపోలో ఉంది. ఇప్పటిదాకా డిప్లాయ్ అంటే మాలో ఒకరు సర్వర్‌లోకి లాగిన్ అయి గిట్ పుల్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, రీస్టార్ట్ కొట్టడమే. ఆ పని పూర్తిగా తెలిసింది ఒక్కరికే. ఆయన పండక్కి ఊరెళ్తే చిన్న మార్పు కూడా ఆగిపోతుంది.

షాపులవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా బిల్లులు కొడుతూనే ఉంటారు. హాస్పిటళ్ల పక్కన ఉన్నవైతే రాత్రంతా తెరిచే ఉంటాయి. కాబట్టి 'ఎవరూ వాడని టైమ్' అనేది మాకు లేదు.

మాకు కావాల్సిన సీఐ/సీడీ (కోడ్ మార్పుల్ని తనంతట తానే పరీక్షించి సర్వర్‌కి చేర్చే ఏర్పాటు) ఇంతే: పుష్ చేస్తే టెస్టులు నడవాలి, మెయిన్‌లో (అందరి కోడ్ కలిసే అసలు బ్రాంచ్‌లో) కలిస్తే సర్వర్‌కి చేరాలి. ఎవరిని అడిగినా ఒకరు జెంకిన్స్ అంటారు, ఒకరు డాకర్ (అప్లికేషన్‌ని కంటైనర్ అనే పెట్టెలో కట్టే టూల్) అంటారు, ఇంకొకరు కుబర్నెటీస్ దాకా వెళ్తారు. మాకు ఏది సరిపోతుంది? టెస్టులు కొన్నే ఉన్నాయి: జీఎస్టీ లెక్క, బ్యాచ్‌వారీగా స్టాక్ తగ్గించడం.

ఓరుగల్లు_ఆప్స్

కోడ్ గిట్‌హబ్‌ల ఉన్నది కాబట్టి గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌లనే ఉన్న సీఐ/సీడీ సదుపాయం)తోనే మొదలువెట్టున్రి. జెంకిన్స్ మంచిదే, నేను ఏండ్ల సంది దాని మీదనే పని చేస్తున్న. 2011ల హడ్సన్ నుంచి విడిపోయి ఆ పేరు పెట్టుకున్నప్పటి నుంచి ఇప్పటిదాకా పెద్ద కంపెనీలు దాన్ని వదల్లే. గాని దానికి వేరే సర్వర్ కావాలె, ప్లగిన్‌ల అప్‌డేట్లు చూసుకోవాలె, బ్యాకప్ తీసుకోవాలె. నలుగురున్న టీమ్‌ల ఆ పనికి ఒక మనిషి సగం పోతడు.

యాక్షన్స్‌ల ప్రైవేట్ రిపోకి ఉచిత ప్లాన్ మీద నెలకు 2,000 నిమిషాలు వస్తయి. ఒక్కొక్క జాబ్‌కి పట్టిన టైమ్‌ని పై నిమిషానికి పెంచి లెక్కేస్తరు. పది సెకన్ల జాబులు ఆరు పెడితే ఆరు నిమిషాలు పోయినట్టే. అందుకే మొదట్ల అన్నీ ఒకే జాబ్‌ల పెట్టున్రి.

ఇంకో మాట. ఈ వారం డిప్లాయ్ ముట్టుకోవద్దు. పుల్ రిక్వెస్ట్ (పీఆర్, అంటే మార్పును మెయిన్‌ల కలపమని అడుగుడు) పెట్టంగనే కోడ్ తెచ్చుకునుడు, నోడ్ పెట్టుడు, ఎన్‌పీఎం సీఐ, టెస్ట్. ఈ నాలుగు స్టెప్పులే. అది రోజూ పచ్చగ (అన్నీ పాసైనట్టు) వచ్చినంక డిప్లాయ్ ముచ్చట మాట్లాడుకుందం.

సాగరతీరం

ఓరుగల్లు గారి మాటకి నాదీ ఓటు. అందులో 'ఎన్‌పీఎం సీఐ' అన్న దగ్గర కాస్త ఆగండి. మీరు సర్వర్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడుతున్నామన్నారు. ప్యాకేజీల ఫైలుకీ లాక్ ఫైలుకీ (ఏ లైబ్రరీ ఏ వెర్షనో కచ్చితంగా రాసి ఉండేది) పొంతన లేకపోతే అది లాక్ ఫైల్‌ని సర్వర్‌లోనే మార్చేస్తుంది. అంటే మీ ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేసిన లైబ్రరీ వెర్షన్ ఒకటి, సర్వర్‌లో నడిచేది ఇంకొకటి కావచ్చు. ఎన్‌పీఎం సీఐ అలా చేయదు. పాత ప్యాకేజీల ఫోల్డర్ మొత్తం తీసేసి, లాక్ ఫైల్లో ఉన్నదే దించుతుంది. రెండు ఫైళ్లకీ పొంతన లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడమే మనకి కావాల్సింది.

నోడ్ వెర్షన్ కూడా రిపోలో ఒక ఫైల్లో రాసిపెట్టండి. మీ నలుగురి ల్యాప్‌టాప్‌లూ, రన్నరూ (గిట్‌హబ్ మన టెస్టులు నడిపే మెషిన్), సర్వరూ ఆ ఒక్క ఫైల్నే చూడాలి.

మిర్చి_యార్డు

నేను టెస్టింగ్ వైపు మనిషిని. అసలు మీ నలుగురూ ఎన్నాళ్లకోసారి మెయిన్‌లో కలుపుతున్నారండీ? నేను చూసిన చాలా టీముల్లో పైప్‌లైన్ ఉంటుంది, కానీ ఒక్కొక్కరి బ్రాంచ్ మూడేసి వారాలు విడిగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఇంటిగ్రేషన్ అనడానికి నాకు నోరు రాదు. 'కంటిన్యువస్' అన్నది సర్వర్ చేసే పని కాదు, మనుషులు చేసేది. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ వాళ్లు ఈ పద్ధతి పెట్టినప్పుడు ఉద్దేశం ఇదే: ఎవరి పని వాళ్లు రోజుకొకసారైనా మెయిన్‌లో కలపాలి. పూర్తికాని ఫీచర్ ఉంటే ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేసే సెట్టింగ్) వెనక దాచి కలపండి.

కొత్త_కమిట్

ఫీచర్ పూర్తయ్యాకే కలుపుతున్నాం. ఒక్కోసారి రెండు వారాలు దాటుతుంది. మీరన్నది టీమ్‌తో మాట్లాడాను, చిన్నచిన్న పీఆర్‌లకి ఒప్పుకున్నారు.

నాలుగు స్టెప్పుల ఫైల్ పెట్టాం. రెండు చోట్ల ఎర్రగా వచ్చింది. మొదటిది: ఇన్వాయిస్ మాడ్యూల్ దొరకడం లేదంటోంది. అందరి విండోస్ ల్యాప్‌టాప్‌ల్లోనూ నడుస్తోంది.

రెండోదే అర్థం కావడం లేదు. 2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా. ఆ రోజు అర్ధరాత్రి దాటాక 12:10కి కొట్టిన బిల్లుకి 5 శాతం పడాలని ఒక టెస్ట్ రాసుకున్నాం. ల్యాప్‌టాప్‌లో పాస్. రన్నర్‌లో 12 శాతం వస్తోంది. టెస్ట్‌ని పక్కన పెట్టేయమంటున్నారు మావాళ్లు.

సాగరతీరం

మొదటిది పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా. విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. గిట్‌లో ఫైల్ పేరు ఎలా ఉందో చూసి ఇంపోర్ట్ లైన్‌ని దానికి తగ్గట్టు మార్చండి.

డల్లాస్_రాత్రి

ఆ రెండో టెస్ట్‌ని దయచేసి పక్కన పెట్టకండి! ఆ టెస్ట్ మీకు నిజం చెబుతోంది.

గిట్‌హబ్ రన్నర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందు. సెప్టెంబరు 22 రాత్రి 12:10 అంటే యూటీసీలో ఇంకా 21వ తేదీ సాయంత్రం 6:40. మీ కోడ్ డేటాబేస్‌లోంచి టైమ్ తీసుకుని, 'ఈ మెషిన్ గడియారం ప్రకారం తేదీ ఎంత' అని అడుగుతున్నట్టుంది. ల్యాప్‌టాప్ 22 అంటుంది, రన్నర్ 21 అంటుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ సర్వర్‌లో టైమ్‌జోన్ ఏముంది? క్లౌడ్‌లో ఉబుంటు తీసుకుంటే మామూలుగా యూటీసీలోనే వస్తుంది. మీరు మార్చకపోయి ఉంటే, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా కొట్టిన ప్రతి బిల్లూ నిన్నటి తేదీ రేటుతోనే పడుతుంది. రాత్రంతా తెరిచి ఉండే షాపులున్నాయన్నారు కదా.

కొత్త_కమిట్

సర్వర్ చూశాం. యూటీసీయే.

ఓరుగల్లు_ఆప్స్

వర్క్‌ఫ్లో ఫైల్ల (ఆ నాలుగు స్టెప్పులు రాసిన ఫైల్) టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టున్రి, సర్వర్‌ల సర్వీస్ ఫైల్లనూ అదే పెట్టున్రి. రెండూ ఒక్కతీరుగ ఉంటయి.

డల్లాస్_రాత్రి

అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. అలా చేస్తే ఈరోజుకి పచ్చగా వస్తుంది. రేపు ఇంకో సర్వర్ పెడితే, లేదా కంటైనర్‌లోకి మారితే ఆ వేరియబుల్ ఎవరికి గుర్తుంటుంది? పన్ను రేటు మెషిన్ గడియారం మీద ఆధారపడకూడదు. నిల్వ చేసేది యూటీసీలో ఉండనివ్వండి. తేదీ లెక్క కట్టే చోట మాత్రం 'ఆసియా/కోల్‌కతాలో ఈ క్షణానికి తేదీ ఎంత' అని కోడ్‌లోనే స్పష్టంగా అడగాలి. రన్నర్‌ని యూటీసీలోనే వదిలేయండి. ఇలాంటివి పట్టిస్తుంది.

ఓరుగల్లు_ఆప్స్

పన్ను లెక్క వరకు నీ మాటే కరెక్ట్ తమ్ముడూ. అట్లనే చేయున్రి.

మిర్చి_యార్డు

పచ్చ వచ్చిందని మురిసిపోయే ముందు ఒక పని చేయండి. కావాలని ఒక టెస్ట్‌ని ఫెయిల్ అయ్యేలా మార్చి పుష్ చేయండి. ఎర్రగా రావాలి. రాకపోతే మీ పైప్‌లైన్ మీకు అబద్ధం చెబుతున్నట్టు.

ఇది ఎందుకంటున్నానంటే, చాలామంది టెస్ట్ అవుట్‌పుట్‌ని లాగ్ ఫైల్లోకి కూడా పంపడానికి పైప్ గుర్తు పెట్టి 'టీ' కమాండ్ వాడతారు. షెల్ మామూలుగా పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. టెస్టులు కూలినా 'టీ' బాగానే ముగుస్తుంది కాబట్టి స్టెప్ పచ్చగా వస్తుంది. యాక్షన్స్‌లో స్టెప్‌కి షెల్ ఏదో రాయకపోతే పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏ కమాండ్ కూలినా ఫెయిల్ అని చెప్పే సెట్టింగ్) ఆన్‌లో ఉండదు. 'షెల్: బ్యాష్' అని విడిగా రాస్తే ఉంటుంది. ఒక్క లైన్ తేడా. నెలల తరబడి కూలిన టెస్టులు పచ్చగా కనిపించిన ప్రాజెక్టులు చూశాను.

కొత్త_కమిట్

ఎర్రగానే వచ్చింది. షెల్ లైన్ కూడా పెట్టేశాం. పోస్ట్‌గ్రెస్‌ని కూడా రన్నర్‌లోనే సర్వీస్ కంటైనర్‌గా లేపి స్టాక్ టెస్టులు దాని మీద నడుపుతున్నాం. డేటాబేస్ లేచేదాకా ఆగడానికి హెల్త్ చెక్ పెడితేనే నిలకడగా నడిచింది.

ఇక డిప్లాయ్ సంగతి చెప్పండి. డాకర్ కావాలా?

సాగరతీరం

ఒక అప్లికేషన్, ఒక సర్వర్. డాకర్ లేకుండానే బాగా చేయొచ్చు. కావాల్సింది డాకర్ కాదు, డాకర్ అలవాటు చేసే ఒక నియమం: ఒక్కసారే బిల్డ్ చేయాలి, టెస్ట్ అయినదాన్నే సర్వర్‌కి పంపాలి. సర్వర్‌లో గిట్ పుల్ కొట్టి మళ్లీ బిల్డ్ చేస్తే మీరు టెస్ట్ చేసింది వేరు, నడిపేది వేరు.

రన్నర్‌లో టెస్టులయ్యాక ప్యాకేజీలతో సహా మొత్తాన్ని మూటకట్టి ఒక టార్ ఫైల్ చేయండి. దానికి కమిట్ నంబర్ పేరు పెట్టండి. సర్వర్‌లో రిలీజెస్ అనే ఫోల్డర్, అందులో ఒక్కో కమిట్‌కి ఒక ఫోల్డర్, 'కరెంట్' అనే సింలింక్ (ఇప్పుడు నడిచే ఫోల్డర్ వైపు చూపే లింకు) ఒకటి. కొత్తది విప్పడం, సింలింక్ తిప్పడం, సర్వీస్ రీస్టార్ట్. వెనక్కి వెళ్లాలంటే సింలింక్‌ని పాత ఫోల్డర్ వైపు తిప్పి రీస్టార్ట్ చేస్తే చాలు. దింపుకోవాల్సింది, బిల్డ్ చేయాల్సింది ఏమీ ఉండదు.

రన్నర్‌కి 'ఉబుంటు లేటెస్ట్' అని రాయకుండా మీ సర్వర్‌లో ఉన్న వెర్షనే రాయండి. లేటెస్ట్ అన్నది గిట్‌హబ్ మార్చినప్పుడల్లా మారుతుంది. సీ కోడ్ కంపైల్ అయ్యే ప్యాకేజీలుంటే సర్వర్‌లో లేవకపోవచ్చు.

ఓరుగల్లు_ఆప్స్

వెనక్కి పోయే తొవ్వ ముందుగాల కట్టున్రి, ఆటోమేటిక్ డిప్లాయ్ తర్వాత. ఈ రెండిటి వరుస మార్చొద్దు.

2012 ఆగస్టు 1న అమెరికాల నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీకి ఏమైందో చదివితే మీకే సమజైతది. ఎనిమిది సర్వర్లుంటే ఏడింటికే కొత్త కోడ్ పోయింది. ఎనిమిదోదాంట్ల ఏండ్ల కింద వాడుడు బంద్ చేసిన కోడ్ అట్లనే ఉన్నది. కొత్త కోడ్ కోసం వాడిన ఫ్లాగ్ పాతదాన్ని లేపింది. 45 నిమిషాలల్ల 46 కోట్ల డాలర్లకు పైన నష్టం. రెండో మనిషి చూసుడు లేదు, రాసిపెట్టిన పద్ధతి లేదు.

అందరు అంతవరకే చెప్తరు. నాకు ముఖ్యమనిపించేది దాని తర్వాతది. గడబిడ నడుస్తుండంగనే వాళ్లు సరిగ్గ ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేసిన్రు. దాంతోని తప్పు ఎనిమిదింటికీ పాకింది. ఏ సర్వర్ మీద ఏ వెర్షన్ నడుస్తున్నదో ఎదురుంగ కనపడకపోతే వెనక్కి పోవుడు కూడ ప్రమాదమే.

అందుకే మీ అప్లికేషన్‌ల హెల్త్ అనే ఒక పేజీ పెట్టున్రి. అది రెండు చెప్పాలె: నడుస్తున్న కమిట్ నంబర్, డేటాబేస్ పలుకుతున్నదా లేదా. డిప్లాయ్ స్క్రిప్ట్ రీస్టార్ట్ చేసినంక ఆ పేజీని అడుగుతనే ఉండాలె. అర నిమిషంల కొత్త కమిట్ నంబర్ రాకపోతే సింలింక్ పాతదానికి తిప్పి, స్క్రిప్ట్ ఫెయిల్ అని చెప్పి ఆగాలె. ఒక డిప్లాయ్ నడుస్తుండంగ ఇంకోటి మొదలు కాకుండ వర్క్‌ఫ్లోల కాంకరెన్సీ గ్రూప్ కూడ పెట్టున్రి.

కొత్త_కమిట్

ఇది మా ఒక్క సర్వర్‌కీ వర్తిస్తుంది. ఇప్పుడు ఏ కమిట్ నడుస్తోందని ఎవరైనా అడిగితే లాగిన్ అయితే తప్ప చెప్పలేని పరిస్థితి.

సర్వర్‌లోకి గిట్‌హబ్ ఎలా రావాలి? మా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే) పోర్ట్ ఆఫీస్ ఐపీకి మాత్రమే తెరిచి ఉంది.

డల్లాస్_రాత్రి

గిట్‌హబ్ రన్నర్ల ఐపీలు చాలా ఎక్కువ, మారుతూ ఉంటాయి. రెండు దారులున్నాయి.

ఒకటి, పోర్ట్ తెరిచి పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేసి, కీ (తాళంచెవి లాంటి ఫైల్)తో మాత్రమే రానివ్వడం. డిప్లాయ్ అని వేరే యూజర్‌ని పెట్టండి. ఆ యూజర్ ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో కీ ముందు 'కమాండ్' అని రాసి మీ డిప్లాయ్ స్క్రిప్ట్ దారి ఇవ్వండి. అప్పుడు ఆ కీతో ఎవరొచ్చినా ఆ స్క్రిప్ట్ తప్ప ఇంకేమీ నడపలేరు, షెల్ దొరకదు. టార్ ఫైల్‌ని అదే కనెక్షన్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా పంపొచ్చు. సర్వర్ హోస్ట్ కీని కూడా ముందే తీసి వర్క్‌ఫ్లోలో పెట్టండి. హోస్ట్ కీ తనిఖీని ఆపేయమని చాలా చోట్ల రాస్తారు. అలా చేస్తే అవతల ఉన్నది మీ సర్వరేనా అన్నది ఎవరూ చూడరు.

రెండోది, సర్వర్‌లో సెల్ఫ్ హోస్టెడ్ రన్నర్ పెట్టడం. అది లోపలి నుంచే గిట్‌హబ్‌ని అడుగుతుంది, పోర్ట్ తెరవక్కర్లేదు. కానీ పీఆర్‌ల టెస్టులు దాని మీద ఎప్పుడూ నడపకండి. ప్రొడక్షన్ డేటాబేస్ ఉన్న మెషిన్ మీద ఇంకా ఎవరూ చూడని కోడ్ నడిపినట్టవుతుంది.

మీకైతే నేను మొదటిదే చెప్తాను.

సాగరతీరం

సీక్రెట్స్ (పాస్‌వర్డ్‌లు, కీల లాంటివి) గురించి ఒక మాట. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల 'చేంజ్డ్ ఫైల్స్' అనే యాక్షన్ (వర్క్‌ఫ్లోలో పెట్టుకునే రెడీమేడ్ స్టెప్)లోకి దుండగులు చొరబడ్డారు. 23,000కు పైగా రిపోలు దాన్ని వాడుతున్నాయి. చాలా వెర్షన్ ట్యాగులను చెడ్డ కమిట్ వైపు తిప్పారు. అది రన్నర్ మెమరీలోని సీక్రెట్స్‌ని తీసి బిల్డ్ లాగ్‌లో అచ్చేసింది. పబ్లిక్ రిపోల లాగ్‌లు ఎవరైనా చదవొచ్చు. ఎవరూ తమ ఫైల్లో ఒక్క అక్షరం మార్చకుండానే అంతా జరిగింది. ట్యాగ్ అనేది ఎప్పుడైనా ఎటైనా తిప్పగలిగే పేరు మాత్రమే.

కాబట్టి బయటివాళ్ల యాక్షన్లు వీలైనంత తక్కువ వాడండి. వాడినవాటికి ట్యాగ్ కాకుండా పూర్తి కమిట్ నంబర్ రాయండి. వర్క్‌ఫ్లో టోకెన్‌కి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. డిప్లాయ్ కీ డిప్లాయ్ జాబ్‌కి తప్ప టెస్ట్ జాబ్‌కి కనిపించకూడదు.

ఓరుగల్లు_ఆప్స్

అందుకే ఈడికొచ్చినంక ఒక్క జాబ్‌ని రెండు చేయాలె. మొదట చెప్పిన నిమిషాల లెక్క కన్నా ఇది ముఖ్యం.

కొత్త_కమిట్

మెయిన్‌లో కలవగానే తనంతట తానే వెళ్లాలా, లేక ఎవరైనా బటన్ నొక్కాలా?

మిర్చి_యార్డు

బటన్. మీ టెస్టులు జీఎస్టీ, స్టాక్ వరకే ఉన్నాయి. లాగిన్, ప్రింటింగ్, అమ్మకం వాపసు, వీటిలో దేనికీ టెస్ట్ లేదు. పచ్చ వచ్చిందంటే ఆ రెండూ బాగున్నాయని మాత్రమే.

డల్లాస్_రాత్రి

నేను ఆటోమేటిక్ వైపు. బటన్ ఉంటే మార్పులు పోగుపడతాయి. వారానికోసారి పది మార్పులు ఒకేసారి వెళ్తే, ఏది విరగ్గొట్టిందో వెతకడానికే పూట పడుతుంది. ఒక్కొక్క మార్పూ విడిగా వెళ్తే వెతకక్కర్లేదు.

మిర్చి_యార్డు

పోగుపడతాయన్నది నిజమే. కానీ కౌంటర్ దగ్గర మందుల కోసం జ్వరంతో నిలబడ్డ మనిషి ఉంటాడండీ. బిల్లు రాకపోతే ఆయన అక్కడే నిలబడాలి. బటన్ పెట్టుకుని రోజూ నొక్కమనండి. రెండూ తీరతాయి.

సాగరతీరం

గిట్‌హబ్‌లో ఆమోదం అడిగే ఎన్విరాన్‌మెంట్ రివ్యూయర్ సదుపాయం ప్రైవేట్ రిపోకి ఉచిత ప్లాన్‌లో రాదు. మాన్యువల్‌గా నడిపే వర్క్‌ఫ్లో డిస్పాచ్ వస్తుంది, మీకు అది చాలు. ఆ ఫైల్ డిఫాల్ట్ బ్రాంచ్‌లో ఉంటేనే బటన్ కనిపిస్తుందని గుర్తుంచుకోండి. మెయిన్ బ్రాంచ్ ప్రొటెక్షన్ కూడా ప్రైవేట్ రిపోకి డబ్బు కట్టే ప్లాన్‌లోనే ఉంది. దానికి మాత్రం కట్టమని నా సలహా. ఎర్రగా ఉన్నది మెయిన్‌లో కలవకుండా ఆపేది అదే.

కొత్త_కమిట్

బటన్‌తో మొదలుపెట్టాం. మాలో ఎవరైనా నొక్కగలరు. సింలింక్ తిప్పడం ముందు స్టేజింగ్ సర్వర్ (ప్రయోగాల కోసం విడిగా పెట్టుకున్నది) మీద, తర్వాత అసలుదాని మీద చేసి చూశాం. కావాలని లేవని కోడ్ పంపితే స్క్రిప్ట్ దానంతట అదే పాత రిలీజ్‌కి వెళ్లిపోయింది.

ఒకటే మిగిలింది, డేటాబేస్ మైగ్రేషన్లు (టేబుళ్ల రూపం మార్చడం). 'ధర' కాలమ్‌ని 'ఎంఆర్‌పీ', 'అమ్మకం ధర' అని రెండుగా విడగొట్టాలి. సింలింక్ వెనక్కి తిప్పితే పాత కోడ్‌కి పాత కాలమ్ కావాలి కదా?

ఓరుగల్లు_ఆప్స్

మంచి ప్రశ్న. కోడ్ వెనక్కి పోతది, డేటా పోదు. అందుకే ఒక్క రిలీజ్‌ల కాలమ్ పేరు మార్చుడు, తీసేసుడు ఎన్నడూ చేయొద్దు. విడతలుగ పోవాలె. ముందు కొత్త కాలమ్‌లు కలుపున్రి, ఖాళీగ ఉన్నా సరే. తర్వాతి రిలీజ్‌ల కోడ్ పాతదాంట్ల, కొత్తవాట్ల రెండింటా రాయాలె. పాత రికార్డులను కొద్దికొద్దిగ నింపున్రి. అంతా నిండినంక చదువుడు కొత్తవాటి నుంచి. అది కొన్ని రోజులు మంచిగ నడిచినంకనే పాత కాలమ్ తీసేసుడు. నడుమల ఏ మెట్టు మీద ఉన్నా ఒక మెట్టు వెనక్కి పోవచ్చు.

డల్లాస్_రాత్రి

పోస్ట్‌గ్రెస్‌లో రెండు జాగ్రత్తలు. మైగ్రేషన్‌కి లాక్ టైమౌట్ కొన్ని సెకన్లే పెట్టండి. లేకపోతే టేబుల్ మార్పు ఒక పొడవాటి క్వెరీ వెనక నిలబడి, దాని వెనక బిల్లులన్నీ నిలబడిపోతాయి. పెద్ద టేబుల్ మీద ఇండెక్స్‌ని కాంకరెంట్లీ అని పెట్టి కట్టండి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు కాబట్టి మీ మైగ్రేషన్ టూల్‌లో ఆ ఒక్క ఫైల్‌కి ట్రాన్సాక్షన్ ఆపాలి.

సాగరతీరం

మైగ్రేషన్ ముందు బ్యాకప్ తీస్తారు సరే, ఆ బ్యాకప్‌ని తిరిగి ఎక్కించి చూస్తున్నారా? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ రెప్లికా (నకలు డేటాబేస్) అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తీసేశారు. బ్యాకప్ కోసం చూస్తే రోజూ తీస్తున్నామనుకున్న డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) లేదు. పోస్ట్‌గ్రెస్ 9.6 నడుస్తుంటే డంప్ టూల్ 9.2ది కావడంతో అది ఫెయిల్ అవుతూ వచ్చింది, ఎవరికీ తెలియలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉంది. వాళ్లు ఆ వివరాలన్నీ దాచకుండా బయటపెట్టారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

మీకిప్పుడు పైప్‌లైన్ ఉంది కాబట్టి ఇది తేలిక. రోజూ ఒక షెడ్యూల్ జాబ్ పెట్టండి: నిన్నటి బ్యాకప్ తెచ్చి, ఖాళీ పోస్ట్‌గ్రెస్‌లో ఎక్కించి, ఆఖరి బిల్లు తేదీ నిన్నటిదో కాదో చూడాలి. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి కాబట్టి దీన్ని గిట్‌హబ్ రన్నర్ మీద కాకుండా మీ స్టేజింగ్ సర్వర్ మీదే నడపండి.

కొత్త_కమిట్

రేపు అదే పెడతాం. షెడ్యూల్ కూడా యూటీసీలోనే రాయాలా?

డల్లాస్_రాత్రి

స్టేజింగ్ సర్వర్‌లో క్రాన్ (చెప్పిన టైమ్‌కి పనులు నడిపే టూల్)తో పెడితే ఆ సర్వర్ గడియారం ప్రకారం నడుస్తుంది. మీదీ యూటీసీయే అయితే తెల్లవారుజామున మూడింటికి నడవాలంటే ముందురోజు 21:30 అని రాయండి. 'నిన్నటి తేదీ' అన్న లెక్క మాత్రం ఆసియా/కోల్‌కతాలో కట్టండి, జీఎస్టీ టెస్ట్‌కి వాడిన ఫంక్షన్‌తోనే.